కొలిమికి అలవడి పొలమునకు వెరచిన ఊరు

మానవుడు ప్రకృతికి దూరమగుచున్నాడను మాట సభలలోను పత్రికలలోను తరచుగా వినవచ్చుచున్నది. ఆ మాట చెప్పువారు సాధారణముగా రెండు కారణములలో ఒకదానిని చూపుదురు. యంత్రము మానవుని చెరచినదని కొందరందురు. మానవుడే సుఖలాలసుడై సోమరియైనాడని మరికొందరందురు. ఈ రెండును నిందలే గాని వివరణములు కావు. ఎండ, దుమ్ము, బురద, పురుగు — వీనియెడ మనసు ముడుచుకొనిపోవుట ఎట్లు కలుగుచున్నది? ఎంత కాలములో కలుగుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, ఆ మార్పు ఒకటి రెండు తరములలోనే జరిగిపోయిన చోటు నొకదానిని పరిశీలింపవలెను. అట్టి చోటు భిలాయి.

ఛత్తీస్‌గఢ్ మైదానమున, దుర్గ్ పట్టణమునకు చేరువను, వరిపొలములును చెరువులును గల పల్లెల నడుమ ఈ ఉక్కునగరము వెలసినది. భారత ప్రభుత్వము 1955లో సోవియట్ యూనియన్‌తో చేసికొన్న ఒప్పందము దానికి మూలము. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఏటికి 10 లక్షల టన్నులతో మొదలైన ఉక్కు ఉత్పత్తి సామర్థ్యము 1967 నాటికి 25 లక్షలకును, 1988 నాటికి 40 లక్షలకును పెరిగినది. దేశమున రైళ్ళు పరుగెత్తు పట్టాలలో అధికభాగము ఇచట తయారైనవే. కర్మాగారము ప్రక్కన సెక్టర్లుగా విభజించి, విశాలమైన వీధులతో, వరుసచెట్లతో, ఆసుపత్రులతో, బడులతో ఒక కొత్త ఊరు కట్టిరి. దేశపు నలుమూలల నుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. విజయనగరము నుండి రాయపూరునకు 1931లో పూర్తియైన రైలుమార్గము ఉత్తరాంధ్ర జిల్లాలను ఈ మైదానముతో ముందే కలిపియుండెను గనుక, తెలుగువారును గణనీయముగా వచ్చిరి. సెక్టరు 5లోని బాలాజీ మందిరము వారి ఉనికికి గుర్తు. కావున భిలాయి కథ తెలుగు పాఠకులకు పరాయి ఊరి కథ కాదు.

ఈ కథలో మొదట గమనింపదగినది, భయము దిక్కు మార్చుకొనుట. లండన్ ఆర్థికశాస్త్ర విద్యాలయమునకు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ 1993లో భిలాయిలో పరిశోధన ఆరంభించి, ఏండ్ల తరబడి ఆ ఊరిని, దాని అంచులలోని పూర్వపు పల్లెలను చదివిరి. కర్మాగారము కట్టుచున్న తొలిదినములలో అచటి పల్లెవాసులకు అది భీతిగొలుపు వస్తువుగా నుండెనని వారి రచనలు తెలుపుచున్నవి. అంతటి నిర్మాణము నిలుచుటకు నరబలి కావలెనను వదంతులు వ్యాపించెను. స్థానికులలో పెక్కురు ఆ కొలువులకు పోవ జంకిరి. చెరువు, పొలము, ఎండ, వాన వారికి తెలిసినవి, కొలిమి తెలియనిది. తెలిసినది సహ్యమైనది, తెలియనిది భయంకరమైనది.

ఆ పల్లెవాసుల కుమారులు కర్మాగారపు ఉద్యోగులైన పిమ్మట త్రాసు మరొక వైపునకు మొగ్గినది. పారీ ప్రకటించిన ఒక వ్యాసమునకు పెట్టిన శీర్షికయే ఈ సంగతిని చెప్పుచున్నది. ఇంగ్లండు కవి విలియం బ్లేక్ మిల్లులను నరకసదృశములుగా తలచెను. పారీ ఆ భావమును తలక్రిందులు చేసి, పొలములే పైశాచికములు, మిల్లులు ఆహ్లాదకరములు అను అర్థము వచ్చునట్లు తన వ్యాసమునకు పేరు పెట్టిరి. కర్మాగారములో కొలువు దొరకిన కుటుంబముల యువకులు పొలము పనిని హేయముగా చూచిరి. నాట్లు, కలుపు, కోతలు స్త్రీలకును కూలివారికిని వదలిరి. సుమారు 1,500 డిగ్రీల వేడిమితో ఇనుము ప్రవహించు చోట పని చేయువాని కుమారుడు 45 డిగ్రీల ఎండలో పొలము గట్టున నిలువలేనని చెప్పుట ఇచట వింత కాలేదు.

ఈ విపర్యాసమును సోమరితనమని కొట్టివేయుట సులభము; కాని సరికాదు. కొలిమి దగ్గర శ్రమ ఘోరమైనదే అయినను నిరంతరమైనది కాదు. లోహము వెలువడు వేళ అది ఉగ్రమగును, ఆపైన విరామముండును. వంతు ముగిసినచో ఇంటికి పోవచ్చును. నెల తిరుగగానే జీతము, జబ్బు చేసినచో ఆసుపత్రి, ముదిమిలో భవిష్యనిధి కలవు. పొలమున ఇవి ఏవియు లేవు. అంతేకాక, ఆ పొలము పెక్కురకు తమది కాదు. అది పరుల పొలము, కులపు చిన్నచూపుతో కూడిన కూలి, అప్పుతో ముడిపడిన చాకిరి. ఆ యువకులు వెరచినది సూర్యునికి మాత్రమే కాదు. ఆ సూర్యుని క్రింద తమ తండ్రులు పొందిన అవమానమునకు. ప్రకృతియెడ విముఖతకు మొదటి మూలము ఇచట కనబడుచున్నది. దేహమునకు కలుగు బాధయే దుస్సహము కాదు. గౌరవము లేని బాధ దుస్సహము. కర్మాగారము ఒక బాధకు గౌరవము నిచ్చినది. దానితో రెండవ బాధ పూర్వముకంటె అధికముగా తోచినది.

రెండవ మూలము, పరిసరములపై మనకు గల ఏలుబడి. దీనిని అర్థము చేసికొనుటకు చల్లదనము నిచ్చు యంత్రముల చరిత్ర కొంత తెలియవలెను. నేటి ఎయిర్ కండిషనర్‌కు మూలమైన యంత్రమును 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయ మొకదానికై విలిస్ క్యారియర్ రూపొందించెను. అది మనుష్యుల సుఖమునకు పుట్టినది కాదు. గాలిలోని తేమ హెచ్చుతగ్గులకు కాగితము సాగి కుంచించుకొని, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకుండుటచే, ఆ తేమను అదుపు చేయుటకు పుట్టినది. అనగా మొదట కాగితమునకు హితమైన గాలి యేదో నిర్ణయించిరి. మనిషికి హితమైనది యేదో నిర్ణయించుట తరువాత వచ్చినది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాంగర్ ప్రయోగశాలలోని గదులలో మనుష్యులను కూర్చుండబెట్టి, వారి వస్త్రములను, శ్రమను, గాలివేగమును, తేమను లెక్కించి, సుఖమునకు ఒక సూత్రమును 1970లో గ్రంథరూపమున ప్రకటించెను. ఆ సూత్రము ననుసరించి ప్రపంచమంతట కార్యాలయములకు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత ఆదర్శమైనది.

1998లో రిచర్డ్ డి డియర్, గెయిల్ బ్రేగర్ అను పరిశోధకులు నాలుగు ఖండములలోని 160 భవనముల నుండి సేకరించిన సుమారు 21,000 పరిశీలనములను పోల్చి మరియొక సత్యమును వెల్లడించిరి. కిటికీలు తామే తెరచుకొను భవనములలో నుండువారు, యంత్రముచే చల్లబరచిన మూసిన భవనములలో నుండువారికంటె చాల విస్తృతమైన వేడిచలువలను సుఖముగానే ఎంచుచున్నారు. వారి సుఖము బయటి ఋతువుతో పాటు కదలుచున్నది. మూసిన భవనములోని వారికి మాత్రము కొద్దిపాటి మార్పును అసౌకర్యమే. రెండు తెగలవారి శరీరములు ఒక్కటియే. భేదము అలవాటునందును, ఎదురుచూపునందును, కిటికీ రెక్కపై చేయి వేయగల స్వాతంత్ర్యమునందును కలదు. కావున అసౌకర్యమనునది ఉష్ణమాపకము చూపు అంకె మాత్రమే కాదు. యంత్రము మన చుట్టునున్న గాలిని మార్చుటతో నిలువక, ఏది భరింపరానిదో నిర్ణయించు మన మనసును గూడ మార్చుచున్నది.

మధ్య భారతపు ఇండ్లలో ఈ మార్పు మెట్టుమెట్టుగా కనబడును. వట్టివేళ్ళ తడికలను తడిపి గుమ్మములకు కట్టుట మొదటి మెట్టు. విద్యుత్తు వచ్చిన పిమ్మట ఫ్యాను. దాని తరువాత గడ్డిపలకలను నీటితో తడుపుచు వానిగుండ గాలిని లోనికి లాగు కూలరు. తడికయు కూలరును ఒకే సూత్రముపై పనిచేయును: నీరు ఆవిరియగునపుడు గాలిలోని వేడిమిని గ్రహించును. మట్టికుండలోని నీరు చల్లనగుటకును ఇదియే కారణము. ఛత్తీస్‌గఢ్ వేసవి గాలి పొడిగా నుండును గనుక అచట కూలరు చక్కగా పనిచేయును. వానలు పడి గాలి తేమగిలగానే దాని శక్తి తగ్గును. అనగా కూలరు గల ఇల్లు ఋతువును ఎరుగును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. కూలరు బయటిగాలిని లోనికి తెచ్చును. ఆ గాలి పోవుటకు కిటికీ తెరచియుంచవలెను. ఎయిర్ కండిషనర్‌కు కిటికీ మూయవలెను. మొదటిది బయటి ప్రపంచముతో బేరమాడును. రెండవది దానిని గెంటివేయును. ఒకటి తరువాత ఒకటి వచ్చిన ఈ రెండు యంత్రముల నడుమ గల భేదము చల్లదనమున కొన్ని డిగ్రీల భేదము మాత్రమే కాదు. కిటికీ మూయుటతో వీధిలోని వేపచెట్టు చప్పుడు, పొరుగింటి మాట, తొలివాన వాసన అన్నియు ఆవలనే నిలిచిపోవును.

మూడవ మూలము ఎరుక. జపాను దేశపు పరిశోధకులు ఫుకానో, సోగా 2021లో ప్రకటించిన అధ్యయనమున, సుమారు 13,000 మంది నుండి పురుగులయెడ గల ఏవగింపును గూర్చి సమాచారము గ్రహించిరి. వారు కనుగొన్న విశేషములు రెండు. పట్టణవాసులకు పురుగు ఎక్కువగా ఇంటిలోనే కనబడును; అదే పురుగు చెట్టుపై కనబడినప్పటికంటె ఇంటిలో కనబడినపుడు ఏవగింపు హెచ్చు. ఇది మొదటిది. పురుగుల పేర్లు, భేదములు తెలియనివారు హాని చేయనివానిని గూడ హాని చేయువానితో కలిపి ఏవగించుకొందురు. ఇది రెండవది. తెలియమి ఏవగింపును పెంచుటయే కాక, దాని పరిధిని గూడ విస్తరింపజేయును.

తెలుగు సాహిత్యమెరిగినవారికి ఇందులకు దృష్టాంతము దూరమున వెదుకనక్కరలేదు. తొలకరి వానకు తడిసిన నేలపై ఎర్రని పట్టువలె మెరయుచు పాకు చిన్న ప్రాణి యొకటి కలదు. సంస్కృత కవులు దానిని ఇంద్రగోపమనిరి. వర్షర్తు వర్ణనలలో అది పరిపాటిగా వచ్చును. తెలుగు పల్లెలలో అది ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తెలో కనబడుటచే ఆ పేరు వచ్చినది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో దానిని రానీ కీడా, అనగా రాణి పురుగు, అందురు. పల్లె పిల్లలు దానిని అరచేతిపై పెట్టుకొని ఆడుదురు. పేరు తెలిసినంతవరకు అది రాణి, అది ఇంద్రుని కాపుదలలోనిది. పేరు మరచిన ఇంటిలో అదియే ప్రాణి ఎర్రని పురుగు మాత్రమై, చీపురుపాలగును. ప్రాణి మారలేదు, మాట పోయినది. మాట పోయిన చోట ఏవగింపు ప్రవేశించినది.

వేసవిని గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. మే నెల 25వ తేదీ ప్రాంతమున సూర్యుడు రోహిణిలో ప్రవేశించిన మొదటి తొమ్మిది దినములను ఛత్తీస్‌గఢ్ ప్రజలు నౌతపా అందురు. తెలుగువారికి అది రోహిణి కార్తె. రోళ్ళు పగులునని సామెతకెక్కిన ఎండ. ఈ రెండు మాటలలోను భయము కలదు గాని, ఆ భయమునకు హద్దు కలదు. నౌతపా తొమ్మిది దినములు; రోహిణి వెనుక మృగశిర వచ్చును. కార్తెల లెక్క తెలిసినవానికి ఎండ ఒక అతిథి. ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో తెలియును. ఆ లెక్క తెలియనివానికి అది అంతులేని ఉపద్రవము.

ఇంతమాత్రమున పూర్వకాలమే మేలని, యంత్రములు వలదని తేల్చుట అన్యాయము. ఎండ చంపును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. వారిలో కూలివారు, వృద్ధులు, నీడ దొరకనివారు పెక్కురు. వారికి కావలసినది ఋతుశోభను గూర్చిన ఉపన్యాసము కాదు. నీడ, నీరు, చల్లని గది, మధ్యాహ్నమున పని మాను హక్కు. వడగాలి రాకను ముందే తెలుపు వాతావరణ శాస్త్రమును యంత్రయుగపు వరమే. దోమతెర, వైద్యము, కుళాయి నీరు బ్రదుకులను నిలిపినవి. ప్రకృతియెడ భయములన్నియు కృత్రిమములు కావు.

అయినను ప్రశ్న ఇచటనే తీవ్రమగుచున్నది. సౌకర్యము అందరకు సమముగా పంచబడుట లేదు. భిలాయిలో స్థిరోద్యోగికిని కాంట్రాక్టు కూలికిని నడుమ గల అగాధమును పారీ 2020లో వెలువరించిన తన బృహద్గ్రంథమున సవిస్తరముగా నిరూపించిరి. నగరపు క్వార్టర్లలోని జీవితమునకును, అంచులలోని బస్తీల జీవితమునకును పోలిక లేదు. ఒకరు మూసిన కిటికీ లోపల, మరియొకరు ఆవల. కిటికీ మూసిన యంత్రము లోపలి వేడిని మాయము చేయదు. దానిని బయటికి త్రోయును. అమెరికాలోని ఫీనిక్స్ నగరమును గూర్చి 2014లో ప్రకటితమైన అధ్యయనము, ఈ యంత్రములు విడుచు వేడిమి వలన రాత్రివేళ కొన్నిచోట్ల బయటిగాలి ఒక డిగ్రీకి పైగా వేడెక్కునని లెక్క కట్టినది. లోపలివాని సుఖము బయటివాని ఎండకు కొంత జోడించుచున్నది. బయట వేడి హెచ్చిన కొలది లోపలివానికి బయటికి వచ్చుట దుర్భరమగును. కిటికీ మరింత గట్టిగా మూయును. ఈ వలయమును గుర్తించియే కాబోలు, మన దేశమున 2020 జనవరి 1 నుండి అమ్ము ఎయిర్ కండిషనర్లు మొదట 24 డిగ్రీల వద్దనే నడుచునట్లు అమర్చవలెనను నియమము వచ్చినది. అంకెను మార్చుకొను స్వేచ్ఛ కొనువానికి కలదు. నియమము యంత్రమునకు వర్తించునే గాని, అలవాటునకు వర్తింపదు.

మరియొక భ్రమయు కలదు. మూసిన గదిలోనివాడు తాను ప్రకృతిని విడిచివచ్చితినని తలచును. కాని భిలాయిలో నిలిచి చూచినచో అట్టి విడుపు ఎచటను లేదు. కర్మాగారపు ఇనుపరాయి దక్షిణమున రాజహరా కొండలది. సున్నపురాయి నందినీ గనులది. నీరు తాందులా నదిపై 1921లో పూర్తియైన జలాశయము నుండి కాలువల వెంట వచ్చినది. ఆ జలాశయము మొదట వరిపొలములకై కట్టినది. ప్రతి రైలుపట్టాలోను ఒక కొండముక్క, ఒక ఏటిపాయ కరగియున్నవి. యంత్రము ప్రకృతిని తొలగింపలేదు. కంటికి కనబడనిచోట నుంచినది. కనబడవలెనని కోరినంతమేరకు మాత్రము కంచె నడుమ చూపినది. భిలాయిలో భారత–సోవియట్ స్నేహచిహ్నముగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాల తెల్లపులులకు ప్రసిద్ధము. బోనులలో పెరుగు తెల్లపులులు 1951లో రీవా ప్రాంతమున పట్టుబడిన మోహన్ అను పులి సంతతివి. మనుష్యులు ఏరి కలిపి పెంచుటచే నిలిచిన రంగు అది. ఆదివారమున కుటుంబసమేతముగా పోయి పులిని చూచి మురియువాడే, సోమవారమున గోడమీది బల్లిని చూచి కేకలు వేయును. కంచె నడుమనున్న ప్రకృతి వినోదము. కంచె దాటినది అపరాధము.

ఇంతవరకు చెప్పినదానిని కూడదీసి చూచినచో, ప్రకృతియెడ అసౌకర్యమనునది పుట్టుకతో వచ్చినది కాదనియు, యంత్రము ఒక్కటియే కలిగించినది కాదనియు తేలును. గౌరవము, ఏలుబడి, ఎరుక — ఈ మూడును ఉన్నచోట మనిషి కొలిమినైనను భరించును. లేనిచోట వెన్నెలకైనను ముడుచుకొనును. యంత్రము ఈ మూడింటిని ఒకచోట నుండి మరియొకచోటికి తరలించినది. పొలమునుండి గౌరవము కర్మాగారమునకు, కిటికీనుండి ఏలుబడి మీటకు, కార్తెల లెక్కనుండి ఎరుక అంకెలకు తరలినవి. తరలినవి గనుక తిరిగి తెచ్చుటయు సాధ్యమే. పొలము పనికి న్యాయమైన కూలి, ఎండలో పనిచేయువానికి నీడ, గాలి ఆడునట్లు కట్టిన ఇల్లు — ఇవి ప్రభుత్వములును ఇంజనీర్లును చేయవలసిన పనులు. మూడవదియైన ఎరుక మాత్రము చాలవరకు భాషలో నిలుచునది. అది రచయితల బాధ్యత.

మన ఆలంకారికులు ఈ విషయమున ఒక మార్గమును చూపియున్నారు. దండి మహాకావ్యమునకు విధించిన వర్ణనల పట్టికలో నగరము, సముద్రము, పర్వతము, ఋతువు, చంద్రోదయము, సూర్యోదయము ప్రక్కప్రక్కనే కలవు. నగరము ఒక వైపునను ప్రకృతి మరియొక వైపునను నిలిచి పోరాడవలెనని ఆయన తలపలేదు. తెలుగు ప్రబంధకవులు ఆ పట్టికను శిరసావహించిరి. కొందరి చేతిలో అది కేవలము ఆచారముగా మిగిలినదనుటయు నిజమే. కాళిదాసుని ఋతుసంహారము వసంతముతో గాక గ్రీష్మముతో ఆరంభమగుట గమనింపదగినది. హితమైన ఋతువునే కాదు, దుస్సహమైన ఋతువును గూడ తేరిపార చూచుట కవికి తొలిపనియని దాని యమరికయే చెప్పుచున్నది.

నేటి రచయితకు ఈ పని మరింత కష్టమైనది. ఎండను వర్ణించువాడు ఎవరి నెత్తిపై ఎండయో చెప్పవలెను. పొలమును పొగడువాడు ఆ పొలము ఎవరిదో, నాటినది ఎవరో చెప్పవలెను. ఉక్కునగరమును నిందించువాడు అది తొలిసారి నిండుజీతము నిచ్చిన ఇండ్లను మరువరాదు. పిమ్మట పేర్లు — పురుగు పేరు, గాలి పేరు, కార్తె పేరు, చెరువు గట్టుమీది గడ్డి పేరు — నిఘంటువులో నిద్రించుటకు గాక, కథలో మనుష్యుల నోట పలుకుటకు రావలెను. భిలాయిలో పుట్టి పెరిగి, ఇంట తెలుగు, వీధిలో హిందీ, అంగడిలో ఛత్తీస్‌గఢీ విను బాలునికి ఆరుద్ర పురుగును రానీ కీడాయు ఒక్కటియేయని ఎవరైనను చెప్పినచో, వానకు తడిసిన నేలపై అతడు చూచునది వట్టి పురుగు కాక, రెండు భాషలు ముద్దుపేరు పెట్టుకొన్న ప్రాణి యగును.